ఎల్ కమీనో గంటలు

"ఆ బొమ్మ నా కళ్ల ముందు ఊగుతుంటే నాకు కట్టు వద్దు. దాన్ని తీసేసి రా, లేదంటే ఇంకో నర్సును పంపు."

పదకొండేళ్లుగా ఇక్కడ, కాలిఫోర్నియాలో, నర్సు పని చేస్తున్నాను. నా ఉచ్చారణను వెక్కిరించిన రోగులున్నారు, నా డబ్బాలో గోంగూర వాసనకు ముక్కు మూసుకున్నవారున్నారు. ఆ మాటలేవీ ఇంటిదాకా వెంట రాలేదు. ఇది వచ్చింది. కాలికి కట్టు కట్టబోతే ఆ పెద్దావిడ అన్నది నన్ను కాదు, నా గుర్తింపు కార్డు తాడుకు వేలాడే పతకాన్ని. దాని మీదున్నది పునీత జూనిపెరో సెర్రా, స్పెయిన్ నుంచి ఇక్కడికి మతం చెప్పడానికి వచ్చిన ఫాదర్.

దాన్ని కార్మెల్‌లో కొన్నాను. ఆయన సమాధి అక్కడే. కార్మెల్ మాత పండుగ జరిగే ఫిరంగిపురంలో పుట్టినదాన్ని, కార్మెల్ అన్న పేరు చూశాక ఆగకుండా ఎలా వెళ్తాను? అయితే నాకు ఆయన మీద అభిమానం పుట్టింది ఆయన కాలి వల్ల. మయోర్కా దీవిలో 1713లో పుట్టి, ఫ్రాన్సిస్కన్ మఠంలో చేరి, తత్వశాస్త్రం బోధించే కొలువు వదులుకుని 1749లో ఓడెక్కాడు. వెరాక్రూజ్ రేవులో దిగి మెక్సికో నగరానికి నడిచే దారిలో కాలికి మొదలైన బాధ చచ్చేదాకా వదల్లేదు. 1769లో కాలిఫోర్నియాకు వస్తూ నిలబడలేక, కంచర గాడిదలు తోలేవాణ్ణి మందు అడిగాడట. నాకు పశువుల వైద్యమే తెలుసు ఫాదర్ అంటే, నన్నూ ఒక పశువే అనుకో అన్నాడట. కొవ్వులో ఆకులు నూరి కట్టిన ఆ కట్టుతో మర్నాడు లేచి పూజ చేశాడట. (ఆ కట్టు శుభ్రత సంగతి నన్ను అడగవద్దు.) పుళ్లు కడిగి బతికే మనిషిని, ఇలాంటి పునీతుణ్ణి మెడలో వేసుకోనా?

ఆ ఏడాది జూలై 16న శాన్ డియేగోలో మొదటి మిషను, అంటే ఇక్కడి తెగలవాళ్లను క్రైస్తవంలో చేర్చి ఉంచే మఠం, పెట్టాడు. 1784లో కన్నుమూసేనాటికి అవి తొమ్మిది. నేను డ్యూటీకి వెళ్లే ఎల్ కమీనో రియల్ రోడ్డు పొడవునా, ఆ మిషన్ల గుర్తుగా, వంపు తిరిగిన స్తంభాలకు గంటలు వేలాడుతుంటాయి. వాటిని చూసినప్పుడల్లా నాకు మా ఊరి త్రికాల జపం గంట వినిపించేది. పొయ్యి ఊదుతున్న నాయనమ్మ ఆ మసి చేత్తోనే సిలువ గుర్తు వేసుకునేది.

పెద్దావిడ ఇక్కడి ఆదివాసుల్లో ఒలోనీ తెగ మనిషి. శాంటా క్లారా మిషనులో జ్ఞానస్నానం తీసుకున్నవాళ్ల సంతానం. పతకం జేబులో వేసుకుని తిరిగి వెళ్లాక, నేను కట్టు విప్పుతుంటే పైకప్పు వైపు చూస్తూ చెప్పింది. "గంట కొడితే లేవాలి. గంట కొడితే ప్రార్థన. గంట కొడితే పొలం, గంట కొడితే జావ. అవి చాలవన్నట్టు రోడ్ల మీద కూడా పెట్టారు."

ఆ రాత్రి నిద్ర రాక చదువుతూ కూర్చున్నాను. జ్ఞానస్నానం తీసుకున్నాక అనుమతి లేకుండా మిషను దాటకూడదు. పారిపోతే సైనికులు వెతికి తెచ్చేవారు, తర్వాత కొరడా. పెళ్లికాని ఆడపిల్లలను రాత్రిళ్లు ఒకే గదిలో పెట్టి తాళం వేసేవారు. ఆ తాళం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. కొరడా దెబ్బలను సెర్రాయే 1780లో గవర్నరుకు రాసిన ఉత్తరంలో సమర్థించాడు. తండ్రి బిడ్డలను దండించడం లాంటిదేనన్నాడు. 1775లో శాన్ డియేగోలో తిరుగుబాటు జరిగి ఒక ఫాదర్ చనిపోతే, తిరగబడ్డవాళ్లను చంపవద్దని బతిమాలుకున్నదీ ఈయనే. రెండూ ఒకే మనిషి చేత్తో రాసినవి.

2015లో ఈయనను పునీతుడిగా ప్రకటించినప్పుడు నేను సంబరపడ్డాను. 2020లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఆయన విగ్రహాన్ని పడగొట్టిన వాళ్లను టీవీ ముందు కూర్చుని తిట్టాను. నా వాదన ఒకటే. మా ఫాదర్లు అలాంటివాళ్లు కాదు. పలకే చూడని నాయనమ్మ వంశంలో నేను నర్సునయ్యానంటే సిస్టర్ల బడి వల్లే. పేటలో మా గుమ్మం తొక్కి మంచినీళ్లు అడిగి తాగిన మొదటి పరాయి మనిషి ఫాదరేనని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. మమ్మల్ని బంధించేందుకు ఆయన రావాల్సిన పని లేదు, ఆ పని ఊరు ముందే చేసి పెట్టింది.

ఇదంతా పెద్దావిడకు చెప్పాలని ఇంగ్లీషులో వాక్యాలు కూర్చుకుంటుంటే మా ఊళ్లో జపాలు నేర్పే ఉపదేశి గారి బెత్తం గుర్తుకొచ్చింది. ఆదివారం పూజ ఎగ్గొడితే సోమవారం చేతులు చాచాలి. ఇన్నేళ్లూ దాన్ని నవ్వు పుట్టించే కథగానే చెబుతూ వచ్చాను.

1771లో శాన్ ఆంటోనియో మిషను దగ్గర, మనిషి జాడ లేని అడవిలో సెర్రా చెట్టు కొమ్మకు గంటలు కట్టి, రండి రండని అరుస్తూ మోగించాడట. వినేవాళ్లెవరూ లేరు కదా, ఎందుకీ శ్రమ అని తోటి ఫాదర్ అడిగాడట. గుండె బరువు దింపుకోనివ్వమన్నాడట. ఎంత చక్కని కథ అనుకునేదాన్ని. ఇప్పుడు ఆ చెట్ల వెనక నిలబడి ఆ మోత విన్నవాళ్లు ఏమనుకున్నారోనని తోస్తోంది.

మర్నాడు వాక్యాలేవీ చెప్పలేదు. పతకం లాకర్లో, టిఫిన్ డబ్బా పక్కన ఉంది. పెద్దావిడ నా మెడ వైపు చూసి కాలు చాపింది. కాసేపయ్యాక, "మీ ఊళ్లో గంట ఎవరు కొడతారు?" అంది.

"మా బాబాయి."

"జీతమిస్తారా?"

"పండక్కి కొత్త పంచె."

ఆమె నవ్వింది. కాలు కదిలి నా చేతిలోని దూది జారిపోయింది. మళ్లీ కొత్త పొట్లం విప్పాను.