36 డిగ్రీల్లో క్రిస్మస్, పొయ్యి వెలిగించకుండా

మేం మెల్‌బోర్న్ వచ్చి తొమ్మిదేళ్లయింది. అందులో ఎనిమిది క్రిస్మస్‌లు నేను వంటింట్లోనే గడిపాను. గుంటూరులో అమ్మ చేసినట్టే, 24 రాత్రి సర్వీస్ నుంచి వచ్చి రెండు గంటలు కునుకు తీసి, తెల్లారకముందే బిర్యానీకి ఉల్లిపాయలు తరగడం. అక్కడ ఆ రోజుల్లో పొయ్యి దగ్గర కూర్చోవడమే హాయి, బయట మంచు పడుతుంటే లోపల వేడి. ఇక్కడ డిసెంబరంటే నడివేసవి. రెండేళ్ల క్రితం ఓవెనూ మూడు బర్నర్లూ ఒకేసారి వెలిగించి వండాను, అందరూ భోజనానికి కూర్చునేసరికి నేను బాత్రూంలో తల మీద నీళ్లు పోసుకుంటున్నాను. ఆ ఏడాది ఫోటోల్లో నేను లేను.

అందుకే ఈసారి ముందే చెప్పేశాను, 25న పొయ్యి వెలగదని. పిల్లలు ఎగిరి గంతేశారు, మా ఆయన "నీ ఇష్టం" అన్నారు. తెనాలి నుంచి వచ్చి ఉన్న మా అత్తయ్య మాత్రం "పండగ పూట చుట్టాలకి చల్లన్నం పెడతావా అమ్మాయ్" అని రెండ్రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

చల్లటి వంటలతో పండగంటే అసలు పని ఫ్రిజ్‌తోనే. 14 మంది, ఒక్క ఫ్రిజ్. 20వ తేదీనే దాన్ని ఖాళీ చేయడం మొదలుపెట్టాను. ఇడ్లీ పిండి వాడేశాం, బయట ఉన్నా పాడవని పచ్చళ్లు అటకెక్కాయి, ఎప్పటివో తెలియని మూడు డబ్బాలు చెత్తలోకి పోయాయి. కూల్‌డ్రింకులు ఫ్రిజ్‌లో పెట్టనే పెట్టలేదు. పిల్లలు రెండు నిమిషాలకోసారి తలుపు తీస్తే లోపల 5 డిగ్రీల్లోపు ఎలా ఉంటుంది? వాటికి విడిగా ఒక ఐస్‌బాక్స్, ఇక్కడివాళ్లు ఎస్కీ అంటారు. పండగ ముందు షాపుల్లో ఐస్ దొరకదని పోయిన ఏడాదే తెలిసొచ్చింది కాబట్టి రెండు లీటర్ల పాల సీసాలు కడిగి, మూడొంతులు నీళ్లు పోసి వారం ముందే గడ్డకట్టించాను. అవి మర్నాటి దాకా పూర్తిగా కరగలేదు.

రొయ్యలు 24 పొద్దున తెచ్చాం, మూడు కిలోలు. ఇక్కడ క్రిస్మస్‌కి రొయ్యలు ఉడికించే అమ్ముతారు, తలా తోకా పెంకూ అన్నీ ఉంటాయి, చల్లగా ఒలుచుకు తినడమే. అత్తయ్య ఒకటి తోక పట్టుకు పైకెత్తి, దాని మీసాలు చూసి, "ఇది నన్నే చూస్తోంది" అని కింద పెట్టేశారు. కారం పెట్టి వేయిస్తానన్నారు. ఉడికినవాటిని మళ్లీ వేయిస్తే రబ్బరైపోతాయని చెబితే ఒప్పుకున్నారు గానీ ఊరుకోలేదు. పచ్చి మామిడికాయ, పచ్చిమిర్చి, వెల్లుల్లి, కొత్తిమీర కలిపి రోట్లో కచ్చాపచ్చాగా నూరారు. బల్ల మీద నేను పెట్టిన సీసా సాస్ మూత కూడా ఎవరూ తీయలేదు.

పావ్లోవా, అంటే గుడ్డు తెల్లసొన గిలక్కొట్టి ఓవెన్‌లో చేసే తీపి, 23 రాత్రే చేసి పెట్టాను. ఆరు గుడ్ల తెల్లసొన, 120 డిగ్రీల్లో గంటన్నర, తర్వాత ఓవెన్ ఆపేసి తెల్లారేదాకా తలుపు తీయకూడదు. నడిమధ్య పగిలింది. పగలనిది ఇంతవరకు నాకు రాలేదు, పైన క్రీమూ మామిడిముక్కలూ పరిస్తే ఎవరికీ కనపడదు. మిగిలిన పచ్చసొనలు పారేస్తాననుకుని అత్తయ్య గిన్నె తన దగ్గర పెట్టుకున్నారు, పొద్దున చూస్తే కస్టర్డ్ అయింది. డిసెంబర్‌లో మామిడిపళ్లు అన్నది మాత్రం ఆవిడకి భలే నచ్చింది, క్వీన్స్‌లాండ్ నుంచి వచ్చే కెన్సింగ్టన్ ప్రైడ్ రకం ఒక ట్రే తెచ్చాం. మూడు తిన్నాక "మన రసాలంత కాదులే" అన్నారు.

టెన్షన్ పెట్టింది ఒక్కటే, వాతావరణం. 25న 36 డిగ్రీలు, ఉత్తరపు గాలి, టోటల్ ఫైర్ బ్యాన్ అని 24 సాయంత్రం తెలిసింది. అంటే బొగ్గులు వెలిగించకూడదు. మా ఆయన కబాబుల కోసం రెండు బస్తాల బొగ్గు కొని పెట్టారు! చివరికి పక్కింటివాళ్ల గ్యాస్ బార్బెక్యూ అడిగి తెచ్చుకున్నాం. దానికీ రూల్స్ ఉన్నాయి, చుట్టూ మూడు మీటర్ల దాకా అంటుకునేవేవీ ఉండకూడదు, నీళ్ల పైపు అందుబాటులో ఉండాలి, పెద్దవాళ్లొకరు దగ్గరే నిలబడాలి. ఆయనే నిలబడ్డారు, టోపీ పెట్టుకుని, చెమటలు కక్కుతూ. నేను లోపల ఏసీలో పులిహోర, పెరుగన్నం గిన్నెలు బల్ల మీద సర్దుతూ కిటికీలోంచి చూశాను. అవి రెండూ పొద్దున రైస్‌కుక్కర్‌లో వండిన అన్నంతోనే, కాబట్టి మాట తప్పినట్టు కాదు.

తెనాలి నుంచి పెట్టె అడుగున మడిచి తెచ్చిన కాగితపు స్టార్‌ని అత్తయ్య వరండాలో కట్టించి ఆరింటికే స్విచ్ వేశారు. ఏం కనిపిస్తుంది, ఎండ ఫెళ్లున కాస్తుంటే? ఈ రోజుల్లో ఇక్కడ సూర్యుడు అస్తమించేది 8:40 దాటాకే. ఆవిడ పది నిమిషాలకోసారి వెళ్లి చూసొస్తున్నారు.

ఏడింటికి గాలి తిరిగింది. దక్షిణం నుంచి ఒక్కసారిగా కొట్టింది, కర్టెన్లు లేచాయి, అరగంటలో పది డిగ్రీలు పడిపోయింది. కిటికీలన్నీ తెరిచాం. "చల్లబడిందిగా" అంటూ అత్తయ్య లేచి ఫ్రిజ్ కింది అరలో పాల సీసాల వెనక నుంచి ఒక గిన్నె తీశారు. నానబెట్టిన చికెన్! 24 రాత్రి నేను పడుకున్నాక కలిపి దాచారట, ఐదురోజులు కుస్తీపట్టి ఖాళీ చేసిన నా ఫ్రిజ్‌లో.

దమ్‌కి పిండి కూడా ఆవిడే అంటించారు, నన్ను లేవనివ్వలేదు. తొమ్మిదిన్నరకి స్టార్ ఎర్రగా వెలుగుతుంటే దాని కింద అందరం ఫోటో దిగాం. అందులో అత్తయ్య లేరు, మూత తీసి చూడ్డానికి వెళ్లారు.