కొండకు రెండు వైపులా తవ్వుకుంటూ వచ్చి మధ్యలో కలవడం

సుత్తి, ఉలితో రాయి తొలచడానికి ఓపిక ఉంటే చాలు. ఇరుకు సొరంగంలో రాతి ముందు నిలబడి పని చేయగలిగేది ఒకరిద్దరే కాబట్టి, త్వరగా ముగియాలంటే రెండు చివరలా మొదలుపెట్టాలి. అసలు కష్టం అక్కడే మొదలవుతుంది.

గ్రీకు ద్వీపం సామోస్‌లో క్రీ.పూ. 6వ శతాబ్దంలో యూపలినోస్ అనే ఇంజనీరు తవ్వించిన నీటి సొరంగం పొడవు 1036 మీటర్లు. ఎత్తు, వెడల్పు సుమారు 1.8 మీటర్లు. దాని నేలను దాదాపు సమమట్టంగా ఉంచారు. నీళ్లకు కావలసిన వాలు కోసం అదే నేలలో ఒక వారగా వేరే కాలువ తవ్వి, అడుగున మట్టి గొట్టాలు పరిచారు. ఆ కాలువ లోతు ఉత్తరాన సుమారు 4 మీటర్లు, దక్షిణాన 8 మీటర్లకు పైనే. పని పెరిగింది, నిజమే. కానీ కలిసేదాకా వాలు గొడవ లేకుండా మట్టం ఒక్కటే చూసుకుంటే సరిపోయింది. నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చే నిర్ణయం ఇదే.

తిన్నగా తవ్వుతున్నంతసేపూ వెనక్కి తిరిగి చూస్తే ముఖద్వారం వెలుతురు కనిపిస్తుంది; అది కనుమరుగైతే దారి వంకర పోయినట్టే. ఉత్తరం వైపు గుల్లరాయి, ఊట తగలడంతో పడమరగా చుట్టు తిరగాల్సి వచ్చింది, ఆ ఆనవాలు పోయింది. అక్కడినుంచి కొలతలే దిక్కు.

రెండు దారులూ సమాంతరంగా, రెండు మీటర్లు ఎడంగా వస్తే ఒకదాన్నొకటి దాటిపోతాయి. అందుకని కలవాల్సిన చోటికి దగ్గరపడ్డాక రెండింటినీ తూర్పుకే ఏటవాలుగా మళ్లించారు. అలా మళ్లిన గీతలు ఎక్కడో ఒకచోట ఖండించుకోక తప్పదు. ఎత్తులో తేడా వస్తుందేమోనని ఉత్తరపు దారిలో కప్పును పైకి తొలిచారు, దక్షిణపు దారిలో నేలను కిందికి దించారు. తీరా చూస్తే మట్టంలో ఆ జాగ్రత్త అవసరమే పడలేదు.

క్రీ.శ. 2వ శతాబ్దంలో ఉత్తర ఆఫ్రికాలోని సాల్డేలో దీనికి సరిగ్గా వ్యతిరేకంగా జరిగింది. రోమన్ సైన్యపు కొలతల నిపుణుడు నోనియస్ డాటస్ కొండ మీద గుంజలు పాతించి దారి గుర్తు పెట్టి వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి రెండు జట్లూ ఎవరి కుడిచేతి వైపుకు వాళ్లు జరిగిపోయాయి. ఎదురెదురుగా వచ్చేవాళ్ల కుడివైపులు వేరు కదా, ఒకటి దక్షిణానికీ మరొకటి ఉత్తరానికీ పోయాయి. తవ్విన మొత్తం పొడవు కొండ వెడల్పును మించినా దారులు కలవలేదు. పైన గుంజలు ఉన్నంత మాత్రాన చాలదు, ఆ గీతను లోపల తరచూ సరిచూసే మనిషి ఉండాలి. డాటస్ మళ్లీ జట్లకు పని పంచి, రెండు దారులనూ కలిపించాడు.