ఆరుగురి జింకల లెక్క

టెక్సాస్‌లో మా అల్లుడుగారు జింకల వేటకి వెళ్తారని చెబితే మా ఊళ్లో ముందు వినబడే మాట ఒకటే: "అయ్యో, నోరులేని జీవం కదండీ!" వాళ్లని అనడానికేం లేదు. గోదావరి ఏటిగట్టు దిగి లంకలోకి వెళ్తే కృష్ణజింకలు కనబడే ఊరు మాది. వాటిమీద చెయ్యి వెయ్యకూడదని ఇక్కడ చిన్నపిల్లలకీ తెలుసు. కిందటి చలికాలం అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు నేనూ అదే అభిప్రాయంతో వెళ్లాను. వేట ఎలా ఉన్నా, అక్కడ అల్లుడుగారి వేట జట్టులో ఆరుగురు కలిసి జింకల లెక్క రాసుకునే తీరు మాత్రం మనవాళ్లకి చెప్పాలనిపించింది.

టెక్సాస్‌లో భూమి 95 శాతం పైగా ప్రైవేటువాళ్లదే. భూమి ఎవరిదైనా అందులో తిరిగే జింక మాత్రం ప్రజల ఆస్తి. అందుకని వేటాడాలంటే ప్రభుత్వం దగ్గర లైసెన్సు తీసుకోవాలి, పొలంలో అడుగు పెట్టడానికి ఆసామికి డబ్బు కట్టాలి. ఈ రెండోదాన్నే డీర్ లీజు అంటారు. మా అల్లుడుగారు, ఇంకో అయిదుగురు వాటాలు వేసుకుని సాన్ ఆంటోనియో అవతల కొండప్రాంతంలో ఒక పశువుల రాంచ్‌ని కౌలుకి తీసుకున్నారు. ఆ అయిదుగురిలో ఒకాయన మన పాలకొల్లు మనిషే.

గేటు పక్కన రేకుల షెడ్డులో రాంచ్ మ్యాపు అంటించిన బోర్డు ఉంది. ఎవరు ఏ మంచె ఎక్కుతున్నారో అక్కడ తమ పిన్ను గుచ్చి వెళ్లాలి, దిగి వచ్చాక తీసెయ్యాలి. పిన్ను గుచ్చకపోతే తుపాకి సంచిలోంచి బయటికి రాకూడదు. అవతల మంచెలో మనిషి ఉన్నాడని తెలియకుండా ఒక్క గుండు పేలితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

తెల్లవారకముందే నన్నూ మంచె ఎక్కించారు. సూర్యోదయానికి అరగంట ముందు నుంచీ వేటకి అనుమతి ఉంటుంది. మంచు మెల్లగా విడుతుంటే మోటు ఓక్ చెట్ల మధ్య నుంచి ఒక మగ జింక బయటికొచ్చింది, కొమ్ములు చక్కగా చీలి ఉన్నాయి. నాకైతే ఊపిరి ఆగినంత పనైంది. అల్లుడుగారు బైనాక్యులర్ నా చేతిలో పెట్టి, "మావయ్యగారూ, చెవులు రిక్కించినప్పుడు చూడండి. ఆ కొస నుంచి ఈ కొసకి దగ్గర దగ్గర 13 అంగుళాలు. కొమ్ములు చెవుల లోపలే ఉన్నాయి కదా, ఇంకా కుర్రది," అన్నారు. చాలా కౌంటీల్లో, అంటే అక్కడి జిల్లాల్లాంటివాటిలో, చట్టమే అంత. కొమ్ముల మధ్య లోపలి వెడల్పు 13 అంగుళాలైనా ఉండాలి, లేదంటే కనీసం ఒక కొమ్మైనా చీలకుండా ఉండాలి. అది మా ముందే తీరిగ్గా మేసి వెళ్లిపోయింది. తుపాకి ఒళ్లోంచి లేవలేదు.

మరి కొట్టేది దేన్ని? ఎక్కువగా ఆడవాటినే. ఇది విని నాకు కష్టంగానే అనిపించింది. పాలకొల్లు ఆయనకీ అదే బాధ. "కొమ్ములున్నదాని కోసం డబ్బు కట్టి ఆడదాన్ని కొట్టడమేంటండీ?" అని రాత్రి భోజనాల దగ్గర గట్టిగానే అడిగారు. వాళ్లలో పెద్దాయన, అక్కడి మనిషే, వాదించలేదు. పొద్దున్నే అందరినీ తీసుకెళ్లి చెట్లు చూపించారు. ఛాతీ ఎత్తు దాకా ఏ కొమ్మకీ ఆకు లేదు, గీత గీసినట్టు దాని పైనే పచ్చదనం. ఈ తెల్లతోక జింకలు గడ్డి తినేది తక్కువ, చిగుళ్లూ కలుపు మొక్కలే వాటి తిండి. తోడేళ్లు ఎప్పుడో పోయాయి. పుండులో గుడ్లు పెట్టి లేత పిల్లల్ని చంపే స్క్రూవర్మ్ ఈగని 1960ల్లో నిర్మూలించారు. మేత బాగుంటే తల్లి కవలల్ని కూడా ఈనుతుంది. ఇక మంద మేతకి మించి పెరుగుతుంది. ఒక్క మగది చాలా ఆడవాటికి చాలు కనక, మగవాటిని ఎన్ని కొట్టినా మంద తగ్గదు. మన చేపల చెరువులవాళ్లకి ఇది వివరించక్కర్లేదు, ఎకరానికి పిల్ల ఎక్కువ వదిలితే ఏ చేపా ఎదగదు.

పడిన జింకకి అక్కడికక్కడే లైసెన్సు ట్యాగు కట్టి, నెలా తేదీ కోసి గుర్తు పెట్టాలి. షెడ్డుకి తెచ్చాక తూకం వేసి, పాలు ఉన్నాయో లేవో చూసి, కింది దవడ తీసి పళ్లు చూస్తారు. దవడ పళ్ల వరసలో ముందు నుంచి మూడో పన్నుకి మూడు మిట్టలుంటే అది ఇంకా పాలపన్నే, జింక వయసు ఏడాదిన్నర లోపు. రెండు మిట్టలే ఉంటే ఆ వయసు దాటినట్టు. ఆ పైన అరుగుదలని బట్టి వయసు కడతారు. ఇదంతా ఒక నోటు పుస్తకంలోకి ఎక్కుతుంది. వచ్చే ఏడు ఎన్ని కొట్టాలో ఆ పుస్తకం చూసే ఆరుగురూ ఒప్పుకుంటారు. ఒప్పుకున్న లెక్క దాటినవాళ్లకి మరుసటేడు వాటా ఉండదు. ఆ పుస్తకాన్ని నేను చాలాసేపు తిరగేశాను.

తిరిగొస్తుంటే కంచె అవతల నల్లటి వీపు, తెల్లటి పొట్ట, కంటి చుట్టూ తెల్ల వలయం, మెలితిరిగిన కొమ్ములు! మన కృష్ణజింకే. 1932లో టెక్సాస్‌కి తెచ్చి వదిలారట. అక్కడ అది పరాయి జంతువు కాబట్టి ఏడాది పొడుగునా వేటాడొచ్చు. ఇక్కడ అదే మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు, 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్. చంపితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల జైలు. ఆ చట్టం మనకి కచ్చితంగా కావాలి. మన లంకల్లో తగ్గించాల్సినంత మంద ఎక్కడుంది?

కానీ చంపకుండా ఉంటే మన పని అయిపోయిందనుకోవడమే నాకు నచ్చట్లేదు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు లంకలు మునిగాయి. జింకలకి గట్టెక్కడం తప్ప దారి లేదు. గట్టుమీద కుక్కలు, కుక్కల వెనక ఫోన్లు పట్టుకున్న జనం. తరిమితే ఈ జంతువు భయానికే ప్రాణం వదిలేస్తుంది.

అందుకని మా ఊరివాళ్లకీ పక్క ఊళ్లవాళ్లకీ నాదొక మనవి. ధవళేశ్వరంలో నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి వరద హెచ్చరిక ఇస్తారు. ఆ కబురు వినగానే కుక్కల్ని కట్టెయ్యండి. గట్టెక్కిన జింక చుట్టూ మూగకండి, అటవీశాఖవాళ్లకి ఫోన్ చేసి దూరంగా ఉండండి. లంకలో అరటి, మొక్కజొన్న వేసినవాళ్లు జింక కనబడినప్పుడల్లా తేదీ, మగదో ఆడదో, వెంట పిల్ల ఉందో లేదో నాకు చెప్పండి. రాయడానికి పుస్తకం తెచ్చాను. ఏ లంకో మాత్రం ఇక్కడ రాయను, వలలు పన్నేవాళ్లూ చదువుతారు.