బిషప్ హిల్ జొన్న చేను

మా అమ్మ అమెరికా వచ్చి రెండు నెలలైంది. నయాగరా చూసింది, చికాగోలో మేడలు చూసింది. ఒకరోజు అన్నం తింటూ "ఇక్కడ ఊర్లు ఉండవా నాయనా?" అని అడిగింది. మేముండే బ్లూమింగ్టన్ దాటి ఎటు పోయినా మొక్కజొన్న, సోయా చేలే. కానీ అమ్మ అడిగిన ఊరు వేరు. రచ్చబండ, నలుగురు మనుషులు, ఒక కథ ఉన్న ఊరు. అందుకే సెప్టెంబర్ చివరి ఆదివారం బిషప్ హిల్‌కి తీసుకెళ్లాను. అదీ ఇలినాయ్‌లోనే ఉంది. పియోరియా మీదుగా సుమారు రెండు గంటల ప్రయాణం.

2010 జనాభా లెక్కల్లో ఆ ఊళ్లో 128 మంది, 2020లో 114 మంది. కార్లో ఈ లెక్క చెప్తే అమ్మ నమ్మలేదు. "మన వీధిలోనే అంతకన్నా ఎక్కువ మంది ఉంటారు కదరా" అంది. అయితే ఊళ్లో దిగాక మాకు మొదట కనిపించినవి పెద్ద పెద్ద కట్టడాలు. తెల్లటి స్తంభాలతో మూడంతస్తుల భవనం, దాని మీద గడియారపు గోపురం. ఎదురుగా తోట, అవతల చెక్కతో కట్టిన పెద్ద చర్చి. నూటికి కాస్త పైబడ్డ మందికి ఇవన్నీ ఎందుకు? ఎందుకంటే ఇవి వెయ్యి మంది దాకా బతికిన ఊరి కోసం కట్టినవి.

ఆ వెయ్యి మంది స్వీడన్ నుంచి వచ్చారు. ఎరిక్ యాన్సన్ అనే రైతు అక్కడ మతబోధకుడయ్యాడు. బైబిల్ ఒక్కటే చాలన్నాడు. అతని మనుషులు మిగతా మతగ్రంథాలను కుప్పపోసి తగలబెట్టారు. ప్రభుత్వ చర్చి ఊరుకోలేదు, అరెస్టులు మొదలయ్యాయి. యాన్సన్ నార్వే మీదుగా తప్పించుకుని 1846లో అమెరికా చేరాడు. వెనకే వందల మంది పొలాలు, ఇళ్లు అమ్ముకుని, ఆ డబ్బు ఉమ్మడి నిధిలో పోసి ఓడలెక్కారు. న్యూయార్క్ నుంచి కాలువలు, సరస్సుల మీదుగా చికాగో. అక్కడి నుంచి 160 మైళ్లు చాలామంది నడిచే వచ్చారు. యాన్సన్ పుట్టిన ఊరు బిస్కప్స్‌కుల్లా. ఆ పేరునే ఇంగ్లీషులోకి మార్చి బిషప్ హిల్ అని పెట్టుకున్నారు.

మొదటి చలికాలం వాగు గట్టు తొలిచి, ఆ మట్టి గుంతల్లో కాపురాలు చేశారు. వంద మంది దాకా చనిపోయారు. 1849లో కలరా వచ్చి 140 మందికి పైగా పోయారు. మరుసటి ఏడాది మే నెలలో యాన్సన్‌నే కాల్చి చంపేశారు. చంపినవాడు జాన్ రూట్, యాన్సన్ బంధువుల అమ్మాయి భర్త. ఆమె ఊళ్లో ఉండాలా, భర్త వెంట వెళ్లిపోవాలా అన్నదే తగాదా. పక్కనున్న కేంబ్రిడ్జ్‌లో కోర్టు దగ్గర ఆ హత్య జరిగింది. ఇదంతా తెలిశాక నా మనసు యాన్సన్ వైపు పోలేదు. తను నమ్మినదాని కోసం ఇంతమందిని ఇంత దూరం నడిపించిన మనిషి, ఒక ఆడమనిషిని ఆమె ఇష్టానికి వదల్లేకపోయాడే అనిపించింది. అతను పోయాక కూడా కలిసి వండుకుని, కలిసి తిని, ఇటుకలు కాల్చి ఊరు కట్టిన ఆ జనమంటేనే నాకు గౌరవం.

వాళ్లను చూడాలంటే ఓలోఫ్ క్రాన్స్ బొమ్మలే దిక్కు. 1850లో పన్నెండేళ్ల పిల్లాడిగా ఈ ఊరు వచ్చాడాయన. ముసలితనం దగ్గరపడ్డాక, చిన్నప్పుడు చూసిన ఊరిని గుర్తు తెచ్చుకుని రంగుల్లో పెట్టాడు. మ్యూజియంలో ఒక బొమ్మ ముందు అమ్మ చాలాసేపు నిలబడింది. ఆడవాళ్లు ఒకే వరుసలో, ఒకేలాంటి బట్టల్లో, చేతుల్లో కర్రలతో మొక్కజొన్న విత్తనం నాటుతున్నారు. చెరో చివర ఒక మగమనిషి తాడు పట్టుకుని ఉన్నాడు. మాది నంద్యాల దగ్గర పల్లె. కేసీ కాలువ కింద అమ్మ ఏళ్ల తరబడి వరి నాట్లకు పోయింది. "అచ్చం మన నాట్లే. తాడు పట్టుకునేది మాత్రం ఇక్కడా మగోళ్లే" అంది. అక్కడ కూర్చున్న పెద్దావిడకు ఆ మాట ఇంగ్లీషులో చెప్తే ఆమె లేచి వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుంది.

ఆ శని, ఆదివారాలు ఊళ్లో వ్యవసాయ పండగ. బయట ఒక మడిలో చీపురు జొన్న కోస్తున్నారు. ఈ ఊరికి ఒకప్పుడు డబ్బు తెచ్చిన పంటల్లో అదొకటి, ఆ కంకులతో చీపుర్లు కట్టి అమ్మేవారు. అమ్మ ఆకు పట్టుకుని చూసి, కంకిని అరచేతిలో నలిపి, "ఇది జొన్నేరా! గింజ తక్కువ, కంకి పొడుగు, అంతే" అంది. నిజమే, అది జొన్న జాతే. జొన్నరొట్టె తిని పెరిగిన చేతికి ఎవరూ చెప్పక్కర్లేదు. పరక కట్టే మనిషి దగ్గర అరగంట నిలబడి, ముడి ఎక్కడ వేస్తున్నాడో చూసింది. భాష అవసరం పడలేదు.

ఇంత కష్టపడి కట్టిన ఊరు ఎందుకు చెదిరిపోయింది? వరుసగా అప్పులు, రైలుమార్గాల మీద పెట్టుబడులు, 1857 నాటి ఆర్థిక సంక్షోభం. 1861కల్లా ఉమ్మడి ఆస్తిని కుటుంబాలకు పంచేశారు. పంపకాల మీద కోర్టు కేసులు ఏళ్ల తరబడి నడిచాయి. ఉమ్మడి కుటుంబం విడిపోవడం మా ఇంట్లోనే చూశాను కాబట్టి ఆ భాగం చదువుతుంటే కష్టంగా అనిపించింది. వందల మంది ఉన్న నాలుగంతస్తుల ఇటుకల ఇల్లు 1928లో కాలిపోయింది. ఇప్పుడక్కడ గడ్డి.

పెద్దావిడను అమ్మ ఒకటే అడగమంది: "పిల్లలు ఎక్కడుంటారు?" ఇద్దరూ వేరే రాష్ట్రాల్లో ఉన్నారట, క్రిస్మస్‌కి వస్తారట. "నాకూ ఇద్దరే" అంది అమ్మ, నన్ను చూపిస్తూ.

బయల్దేరే ముందు గోపురం కింద ఆగాం. ఆ గడియారానికి గంటల ముల్లు ఒక్కటే ఉంటుంది, నిమిషాల ముల్లు లేదు. టైమెలా తెలుస్తుందా అని నేను చూస్తుంటే, అమ్మ తలెత్తి ఒక్కసారి చూసి "మూడు కావస్తోంది, పద" అంది. ఫోన్ తీశాను. రెండూ యాభై.