కుర్సురాలో దూరితే గుర్తొచ్చిన అంతరిక్షం

నిన్న బాబాయ్‌తో ఆర్కే బీచ్‌లో కుర్సురా మళ్లీ ఎక్కాను. 1969లో నేవీలో చేరి, 2001లో రిటైరై, మరుసటి ఏడాది నుంచి మ్యూజియంగా ఒడ్డున కూర్చున్న సబ్‌మెరైన్ అది. నడుం వంచి ఆ గుండ్రటి తలుపుల్లోంచి దూరుతుంటే నేను చదివే నవలల్లోని అంతరిక్ష యుద్ధనౌకలు గుర్తొచ్చాయి. వాటిలో కెప్టెన్ దర్జాగా పచార్లు చేస్తుంటాడు. ఇక్కడ ఎవరైనా ఎదురొస్తే గోడకు అతుక్కోవాల్సిందే!

స్పేస్ ఒపెరా, అంటే అంతరిక్షంలో నౌకలతో, యుద్ధాలతో సాగే సాహస కథలంటే నాకు ప్రాణం. కానీ పేజీకో గ్రహం పేలిపోతుంటే మూడోదానికే ఆవులింతలొస్తాయి. జో హాల్డమన్ 'ది ఫరెవర్ వార్' (1974) అలా కాదు. వియత్నాంలో పోరాడి వచ్చినవాడు రాసింది. అందులో సైనికుడికి కొన్నేళ్లే గడుస్తాయి, కాంతి వేగానికి దగ్గరగా తిరగడం వల్ల భూమి మీద శతాబ్దాలు దాటిపోతాయి. తిరిగొస్తే ఏదీ తనది కాదు.

ఇది చెబితే మా బాబాయ్ (మాజీ నేవీ) నవ్వాడు. "దానికి కాంతి వేగం ఎందుకురా? నేను రెండు నెలలు సముద్రం మీదుండి ఇంటికొస్తే, మీ తమ్ముడు ఎవరో అనుకుని గుక్కపట్టి ఏడ్చాడు."

తర్వాత మురీ మిక్చర్ తింటూ, ఆ పుస్తకం ఓసారి ఇవ్వమన్నాడు.