కర్క్‌కు చత్వారం వచ్చిన వేళ

భవిష్యత్తులోని అంతరిక్ష ప్రయాణాల కథలు చెప్పే అమెరికన్ స్టార్ ట్రెక్ సినిమాలు థియేటర్లలో పదమూడు వచ్చాయి. వాటిలో నా మనసుకు బాగా దగ్గరైన వస్తువు ఎంటర్‌ప్రైజ్ నౌక కాదు, ఒక జత కళ్ళద్దాలు.

1966లో మొదలై 79 ఎపిసోడ్లతో 1969లో ముగిసిపోయిన టీవీ ధారావాహిక, 1979లో రాబర్ట్ వైజ్ దర్శకత్వంలో వెండితెరకెక్కేసరికి నటీనటుల ముఖాల్లో పదేళ్ళ తేడా కనిపించింది. ఆ తేడానే కథగా మలచుకున్నది మాత్రం 1982లో నికొలస్ మేయర్ తీసిన రెండో చిత్రం. అందులో ఎంటర్‌ప్రైజ్ బృందనాయకుడు అడ్మిరల్ కర్క్ పుట్టినరోజుకు, నౌక వైద్యుడు డాక్టర్ మెకాయ్ పాతకాలపు కళ్ళద్దాలు బహుమతిగా ఇస్తాడు, ఎందుకంటే చూపు సరిచేసే మందు కర్క్ ఒంటికి పడదు. తరవాత పాత శత్రువు ఖాన్ దాడిలో నౌక దెబ్బతిని, లొంగిపోవడానికి 60 సెకన్ల గడువు మాత్రమే మిగిలినప్పుడు, కర్క్ ఎదుటనున్న అంకెలు కనబడక ఆ అద్దాలనే వెతుక్కుని పెట్టుకుంటాడు. చిన్నప్పుడు నేను ఈ క్షణాన్ని గమనించనేలేదు. నాకూ చత్వారం వచ్చాక మళ్ళీ చూసినప్పుడు, వీరుడికి వయసు మీద పడిందని ఇంత నిజాయితీగా చూపిన అంతరిక్ష చిత్రం మరొకటి ఉందా అనిపించింది.

నౌకను కాపాడబోయి ఆప్తమిత్రుడు స్పాక్ మరణించిన తరవాత, ఒంటరిగా కూర్చున్న కర్క్ కళ్ళద్దాలు తీసి చూస్తే ఒక అద్దం పగిలి ఉంటుంది. ఎవరూ దాని గురించి మాట్లాడరు, మాట్లాడవలసిన అవసరమూ లేదు.

మూడో చిత్రంలో స్పాక్ మళ్ళీ బతుకుతాడు. ఆ పాత్రధారి లియొనార్డ్ నిమోయ్ స్వయంగా దర్శకత్వం వహించిన నాలుగో చిత్రంలో, తమ కాలానికి అంతరించిపోయిన మూపురపు తిమింగలాల కోసం ఈ బృందం 1986 నాటి శాన్ ఫ్రాన్సిస్కోకు వస్తుంది. ఖర్చులకు డబ్బు లేక కర్క్ ఆ కళ్ళద్దాలనే పాతవస్తువుల దుకాణంలో 100 డాలర్లకు అమ్ముతాడు. అవి మెకాయ్ ఇచ్చిన బహుమతి కదా అని స్పాక్ అడిగితే, ముందు ముందు మళ్ళీ బహుమతి అవుతాయిలే అన్నట్టు బదులిస్తాడు. కాలప్రయాణంలోని వింతను ఇంత చిన్న వస్తువులో ఇమిడ్చిన రచన నాకు ఎంతో ఇష్టం.

1994 నుంచి 2002 వరకు తరవాతి తరం కెప్టెన్ పికార్డ్ బృందంతో వచ్చిన నాలుగు చిత్రాల్లో 1996 నాటిది నిజంగా గొప్పది, తక్కినవి నన్ను అంతగా కదిలించలేదు. 2009లో కొత్త ముఖాలతో మొదలైన మూడు చిత్రాలకు వేగం ఎక్కువే అయినా, 2016లో వచ్చిన చివరిది ఒక్కచోట నిలబడి వెనక్కి చూసింది. నిమోయ్ 2015 ఫిబ్రవరిలో కన్నుమూశారు. ఆ సినిమాలో కొత్త నటుడు పోషించిన యువ స్పాక్, పాత కాలరేఖ నుంచి వచ్చి చనిపోయిన వృద్ధ స్పాక్ (నిమోయ్ పోషించిన పాత్ర) వస్తువులున్న చిన్న పెట్టె తెరుస్తాడు. లోపల పాత బృందం ఫొటో ఉంటుంది. అందులో ఉన్నవాళ్ళెవరూ కుర్రవాళ్ళు కారు.