కుడివైపా, ఎడమవైపా

ఆదివారం. తెల్లారకముందే కరెంటు పోయింది. సముద్రం ఇంత దగ్గర్లో ఉన్నా ఆకు కదల్లేదు. చెమటలు కక్కుతూనే ప్రేమవిందుకి పులిహోర కలిపాను. ఉప్పు తగ్గింది, ఎవరూ అనలేదు.

మా చర్చిలో మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు, మధ్యలో ఎర్ర తివాచీ. ఎక్కడా రాసి ఉండదు గానీ చిన్నపిల్లలకి కూడా తెలుసు. మూడు వారాల క్రితం కంచరపాలెం నుంచి ఒక ట్రాన్స్ అమ్మాయి వచ్చింది. చెప్పులు విప్పి, కొంగు తల మీదకి లాక్కుని, తివాచీ మొదట్లో ఆగిపోయింది. ఎటు కూర్చోవాలి? రెండువైపులా తలలు తిరిగాయి. పాట ఆగలేదు గానీ గొంతులు సన్నబడ్డాయి. నేను లేచేలోపే వెనక్కి తిరిగింది. చెప్పులు వేసుకోకుండా చేత్తోనే పట్టుకుని వెళ్ళిపోయింది.

అందుకే ఇవాళ ఆరాధన అయ్యాక కమిటీలో అడిగాను. బయట బోర్డు మీద 'అందరికీ స్వాగతం' అని ఉంది కదా, దాని కింద 'ట్రాన్స్‌జెండర్, గే, లెస్బియన్ బిడ్డలకు కూడా' అని ఒక్క లైను రాయిద్దామని.

పాస్టర్ గారు మంచి మనిషి. "అందరూ అంటే వాళ్ళూ వచ్చినట్టే కదమ్మా, మళ్ళీ విడిగా ఎందుకు?" అన్నారు.

"టులెట్ బోర్డు కూడా అందరికీ కనిపిస్తుందయ్యగారూ. లోపలికెళ్ళాక కదా 'మీరేమిట్లు' అని కులం అడిగేది" అన్నాను. ఆ గదిలో ఆ ప్రశ్న ఎదుర్కోనివాళ్ళు లేరు. కాసేపు ఫ్యాను చప్పుడే వినిపించింది.

ట్రెజరర్ అన్నయ్య మాత్రం వదల్లేదు. చట్టం ఒప్పుకోదన్నాడు. 2018 సెప్టెంబరు 6నే సుప్రీంకోర్టు స్వలింగ సంబంధాలు నేరం కాదని చెప్పేసిందన్నాను. అయితే రేపు పెళ్ళిళ్ళు చేయమంటావా అన్నాడు. పెళ్ళి హక్కు 2023లో అదే కోర్టు ఇవ్వలేదు, నేనడిగేది కుర్చీ గురించి అన్నాను. ఈ పాపానికే దేవుడు సొదొమ పట్టణాన్ని కాల్చేశాడన్నాడు. బైబిల్లో యెహెజ్కేలు 16:49 తీసి చేతిలో పెట్టాను: గర్వం, కడుపు నిండా తిండి, పేదవాళ్ళకి చెయ్యి అందించకపోవడం. ఆ పట్టణం దోషం అని అక్కడ రాసింది అదే. అదే బైబిల్లో అపొస్తలుల కార్యాల్లో ఐతియొపీయుడైన నపుంసకుడు దారిలో నీళ్ళు చూపించి, బాప్తిస్మానికి అడ్డేమిటని సువార్తికుడైన ఫిలిప్పుని అడిగాడు. ఫిలిప్పు కమిటీ వేయలేదు, నీళ్ళలోకి దిగాడు. (2013లో నంద్యాలలో పుష్ప లలిత గారు చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సి.ఎస్.ఐ.) మొదటి మహిళా బిషప్ అయినప్పుడు కూడా ఇదే గదిలో ఇవే మొహాలు.)

చివరికి అన్నయ్యే రాజీ మాట తెచ్చాడు. "సరే, ట్రాన్స్‌జెండర్ అన్న మాట ఉంచుదాం. వాళ్ళని చూస్తే జాలేస్తుంది. మిగతా రెండూ కొట్టేద్దాం."

ఎంత తేలిగ్గా ఉందో! నేను సరే అనబోయాను కూడా. ఒక మాటైనా దక్కింది కదా అనిపించింది.

అప్పుడు చూశాను. మా కీబోర్డు కుర్రాడు మూల నిలబడి వైరు చుడుతున్నాడు. చుట్టడం అయిపోయింది, విప్పాడు, మళ్ళీ చుట్టాడు. పోయినేడు బీచ్ రోడ్డులో మొక్కజొన్న పొత్తు తింటూ తన సంగతి నాకొక్కదానికే చెప్పాడు. ఆరేళ్ళుగా ప్రతి ఆదివారం వీళ్ళందరి పాటకీ వాయిస్తున్నాడు.

"మూడు మాటలూ ఉండాలి" అన్నాను. గొంతు వణికింది, సిగ్గేసింది. వచ్చే నెలకి వాయిదా వేశారు.

లేస్తుంటే వెనక నుంచి మామ్మ అందుకుంది. "బోర్డు సంగతి మీరు సూసుకోండి. ఆ పిల్ల మళ్ళీ వొస్తే నా పక్కన కూకోబెట్టండి. నాకు కళ్ళు ఆనవు, పాటల పుస్తకం సదివి పెడతాది." పాస్టర్ గారు నవ్వేశారు. ట్రెజరర్ అన్నయ్య నవ్వలేదు గానీ, కాదనీ అనలేదు.

పులిహోర గిన్నె ఆటో దాకా ఆ కుర్రాడే మోశాడు. సీటు మీద పెట్టి, మూత సరిచేసి, "ఆంటీ, ఆ రెండో మాట కొట్టనివ్వకండి" అన్నాడు. ఆటో అతను మీటరు కంటే ఇరవై ఎక్కువ అడిగాడు. ఇవాళ బేరమాడలేదు.